ఈశాన్యం మూల బతికిన వరి

తిరుత్తణికి వెళ్ళినవాళ్ళు గుండుతోనో, ప్రసాదం డబ్బాతోనో తిరిగొస్తారు. నేను నడుం నొప్పితో తిరిగొచ్చాను. కొండ మెట్లు ఎక్కితే వచ్చిన నొప్పి కాదది, ఒక ఎకరం వరిలో కలుపు తీస్తే వచ్చింది. నంద్యాలలో ఒక విత్తన పరీక్షా కేంద్రంలో ముప్పై ఏళ్ళు కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి గింజకూ మొలక శాతం రాసి రిటైరైన మనిషిని. వంగి పనిచెయ్యడం నా ఉద్యోగంలో ఎన్నడూ లేదు.

నన్ను అక్కడికి లాగింది వసంత. మా ఆవిడ పెద్దమ్మ కూతురు, నాకు వరసకు మరదలు. తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు వెళ్ళే దారిలో అత్తిమంజేరిపేట దగ్గర వాళ్ళ చేను. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది.

"బావా, మా చేన్లో అమ్మోరు వరి పుట్టించింది. మందు కొట్టినా చావలా. నువ్వొచ్చి చూసి అవునని చెప్పు, అంతే."

జరిగింది ఇదీ. పోయిన పంటలో ఆమె మరిది మునిరత్నం, వరికి కొట్టాల్సిన కలుపుమందు బదులు గట్ల మీద కొట్టే మందు కొట్టేశాడు. రెండూ ఒకేలాంటి తెల్ల డబ్బాలు. వరిమందు గడ్డిని చంపి వరిని వదిలేస్తుంది. గట్లమందుకు అలాంటి మొహమాటాలు లేవు, పచ్చగా కనపడిన ప్రతిదాన్నీ చంపుతుంది. పది రోజుల్లో మడి మొత్తం ఎండిపోయింది. ఈశాన్యం మూలన మాత్రం, చాప పరిచినంత జాగాలో, నలభై కుదుళ్ళు ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయి. వాటికొచ్చిన రెండు పడుల వడ్లు వసంత దాచిపెట్టి, ఈసారి ఒంటి నారు చొప్పున దూరం దూరంగా ఎకరమంతా నాటింది. ఆదివారం బంధువులందరినీ పిలిచి, వాళ్ళ కళ్ళముందే ఆ ఎకరం మీద గట్లమందు కొట్టిస్తుందట. కలుపంతా చావాలి, వరి నిలవాలి.

నిలవకపోతే ఏమిటన్నదీ ఆమే చెప్పింది. ఈ పంట పోతే ఆ ఎకరాన్ని ప్లాట్లు వేసేవాళ్ళకు ఇచ్చేస్తానని మొగుడికి మాటిచ్చేసింది. మొగుడు కంపెనీ బస్సు డ్రైవరు. ఊళ్ళో కలుపు తీసే ఆడవాళ్ళందరినీ రోజూ తెల్లారగానే బస్సెక్కించి ఫ్యాక్టరీకి తోలుకుపోయేది ఆయనే. ఆ పైన సాయంత్రం ఇంటికొచ్చి, కూలీలు దొరక్క సేద్యం గిట్టుబాటు కాదని పెళ్ళానికి బోధిస్తాడు.

అప్పుడే వద్దని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. కారణం సిగ్గులేకుండా చెప్తాను. ముప్పై ఏళ్ళలో నా పేరు మొలక శాతం కాగితాల కింద సంతకంగా తప్ప ఇంకెక్కడా పడలేదు. గట్లమందుకు చావని వరి అంటే మాటలా! అందులో ఒక జీను, అదే జన్యువు, మారి ఉండాలి, ఆ జీనుకు ఒక పేరు పెట్టాలి, కనిపెట్టినవాడి పేరైతే బాగుంటుంది. మా ఆవిడ సంచిలో చపాతీలు పెట్టేలోపే నేను మనసులో సన్మాన సభ దాకా వెళ్ళిపోయాను.

తిరువళ్ళూరు

తిరువళ్ళూరు నా ప్రయాణంలో లేదు. రేణిగుంటలో రైలెక్కి, తిరుత్తణిలో లేపమని ఎదురు సీటు ముసలమ్మకు చెప్పి పడుకున్నాను. కళ్ళు తెరిచేసరికి అరక్కోణం కూడా దాటిపోయింది.

"లేపుదామనే అనుకున్నా నాయనా. నువ్వు నోరు తెరుచుకోని హాయిగా నిద్దర పోతా ఉంటే మనసు రాలా," అంది ఆవిడ. ఆ జాలికి నమస్కారం పెట్టి తిరువళ్ళూరులో దిగిపోయాను.

దిగినందుకు మేలే జరిగింది. స్టేషను దగ్గర ఇడ్లీలోకి వడకర్రీ వేశారు. మనవైపు మిగిలిన వడను పెరుగులో వేసి దాని తప్పు కప్పిపుచ్చుతాం. వీళ్ళు పప్పుముద్దను ఉడికించి, చిదిమి, మసాలాతో కూర చేసి దానికి కొత్త జన్మ ఇస్తారు. కాఫీ పదిహేను రూపాయలు, గ్లాసు చిన్నది, వేడి మాత్రం పెద్దది.

బజారులో ఒక విత్తనాల, మందుల దుకాణం కనిపించింది. బోర్డంతా తమిళం. నేను తడుముకుంటూ ఏదో అడగబోతే, గల్లాపెట్టె వెనక నుంచి ఆసామి నవ్వాడు.

"తెలుగులోనే అడగండి సార్. మేమూ మీవాళ్ళమే, కోమట్లం. వచ్చి ఎన్ని తరాలైనాయో మా తాతకు కూడా తెలీదు. నా కూతురు తెలుగు బాగా మాట్లాడతాది, చదవమంటే మట్టుం అరవమే చదువుతాది."

పోల్చి చూడ్డానికి మామూలు వరి విత్తనం కావాలన్నాను. చిన్న పొట్లం కట్టిచ్చాడు. గట్లమందుకు చావని వరి గురించి ఎప్పుడైనా విన్నావా అని అడిగితే, ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"వరి సంగతి నాకు తెలీదు సార్. ఊద గడ్డి మాత్రం చావడం లేదు. నాలుగేండ్లుగా అందురూ అదే వరిమందు కొంటా ఉండారు. మొదటేడు బాగా చచ్చింది. ఇప్పుడు వచ్చి నన్ను తిడతా ఉండారు, నేనేదో నీళ్ళు కలిపి అమ్మినట్ల."

ఆ మాట విని తల ఊపి, పొట్లం సంచిలో వేసుకుని వచ్చేశాను. అంతకంటే పెద్ద విషయం ఆ ప్రయాణంలో ఇంకెవరూ నాకు చెప్పలేదు. నా ధ్యాసంతా సన్మానం శాలువా రంగు మీద ఉంది.

అత్తిమంజేరిపేట

లోకల్ రైల్లో వెనక్కి తిరుత్తణి చేరి, మర్నాడు బుధవారం పొద్దున బస్సులో గంట ప్రయాణం చేసి చేనుకు వెళ్ళాను. వసంత గట్టు మీద నిలబడి, చీర చెంగు నడుముకు చుట్టి, ఊరికంతా వినపడేలా పిలిచింది.

"రా బావా! ఏంది, ఇంత లావైపోయినావు? మా అక్క నీకు వడ్డించేది ఆపలేదా ఇంకా?"

వరి మోకాళ్ళ కింద దాకా ఉంది. ఒంటి నారు, దూరం నాటు, మధ్యలో ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీని కలుపు మాత్రం ఖాళీగా ఉంచలేదు. ఎక్కడ చూసినా ఊద, తుంగ. ఇంకో రెండు వారాలు వదిలితే వరిని వెతుక్కోవాలి. ఈశాన్యం మూలన గట్టు కింద ఏడు ఇటుకరాళ్ళు వరసగా పాతి ఉన్నాయి. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. ఏడుగురు కన్నెమ్మలు. ఆ వైపు తమిళ, తెలుగు సేద్యగాళ్ళెవరి చేనులో చూసినా ఏదో ఒక మూలన ఉంటారు.

"ఇదో, ఈ అమ్మల కాళ్ళ కాడే బతికినాయి నా నలభై కుదుళ్ళు," అంది వసంత.

నాకు అక్కడే గంట మోగాలి. ముప్పై ఏళ్ళ చదువు అక్కడే లేచి నిలబడాలి. ఎందుకో చెప్పడానికి మన బస్సుల్లో తువ్వాలు వేసి సీటు పట్టడం గుర్తుచేసుకోండి. మొక్క లోపల దానికి కావలసిన సరుకు తయారుచేసే యంత్రం ఒకటి ఉంటుంది, అందులో ఒక సీటు. కలుపుమందు చేసే పని ఆ సీటు మీద తువ్వాలు వెయ్యడమే. అసలు సరుకు వచ్చి కూర్చోవడానికి చోటుండదు, పని ఆగుతుంది, మొక్క చస్తుంది. ఎక్కడో లక్షల్లో ఒక మొక్కకు పుట్టుకలోనే జీనులో ఒక అక్షరం తారుమారై, సీటు కాస్త వంకరగా తయారవుతుంది. తువ్వాలు జారిపోతుంది. ఆ మొక్క బతుకుతుంది, దాని పిల్లలూ బతుకుతాయి. మందు కొట్టడం వల్ల మొక్క మొండిబారదు. మొండిగా పుట్టినదొక్కటే మందు తర్వాత మిగులుతుంది.

అలాంటిది లక్షల్లో ఒకటి పుడుతుంది, చేనులో ఎక్కడ పడితే అక్కడ పుడుతుంది. నలభై మొక్కలు కూడబలుక్కుని, చాప పరిచినంత జాగాలో, పక్కపక్కనే పుడతాయా? ఈ ప్రశ్న మా కేంద్రంలో కొత్తగా చేరినవాడు కూడా అడుగుతాడు. నేను అడగలేదు. నేను నలభై అంటే నలభై సన్మానాలన్నట్టు చూస్తూ నిలబడ్డాను.

అయినా పాత అలవాటు కొద్దీ ఒక మాటన్నాను. "ఆదివారం దాకా ఎందుకు వసంతా, ముందు ఒక చాపంత జాగాలో కొట్టి చూద్దాం."

ఆమె మొహం మారిపోయింది. "అమ్మోరు ఇచ్చినదాన్ని పరీక్ష చేస్తారా బావా? మీ ఇంట్లో అన్నం పెడితే, ఉడికిందా లేదా అని మా అక్కను అడిగి తింటావా?"

అడుగుతాననే చెప్పబోయి మానుకున్నాను. చూసుకోవడానికి, నారు పొయ్యగా మిగిలిన వడ్లు రెండు గుప్పెళ్ళు మాత్రం ఇచ్చింది. ఆమెకు తెలియకుండా మునిరత్నాన్ని పక్కకు పిలిచి, గట్లమందు ఒక మూతెడు చిన్న సీసాలో పట్టించుకున్నాను. ఇంట్లో ఉండమని వసంత పట్టుపడితే, తిరుత్తణి కొండ మెట్లు మూడు రోజులు ఎక్కే మొక్కు ఉందని, లాడ్జీలోనే ఉండాలని అబద్ధం చెప్పాను.

తిరుత్తణి

సుబ్రహ్మణ్యస్వామి పేరు చెప్పి అబద్ధమాడితే ఆయన ఊరుకుంటాడా! కొండకు మూడు వందల అరవై అయిదు మెట్లు, ఏడాదిలో రోజుకొకటి చొప్పున. వసంత రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "ఎక్కినావా?" అని అడిగేది. వెనక గుడిగంట వినపడకపోతే నమ్మేది కాదు. కాబట్టి లేని మొక్కును మూడు రోజులూ నిజంగానే చెల్లించాను. నేను మెట్ల మీద రొప్పుతూ ఉంటే కావళ్ళు మోసుకెళ్ళేవాళ్ళు నన్ను దాటిపోయారు. ఒకాయనకు గుండు, భుజాన పాలబిందె, నోట్లో మురుగన్ పేరు. మనవైపు మొక్కులు గుట్టుగా తీర్చుకుంటాం, ఇక్కడ మొక్కు అంటే దండోరా.

పరీక్ష లాడ్జీ కిటికీలో జరిగింది. టీ కొట్టువాడి దగ్గర నాలుగు గాజు గ్లాసులు అరువు తెచ్చాను. నాలుగింటిలో దూది పరిచి, రెండింటిలో దుకాణం వడ్లు, రెండింటిలో వసంత వడ్లు వేశాను. ఒక్కో జతలో ఒకదానికి మంచినీళ్ళు, రెండోదానికి మందు కలిపిన నీళ్ళు. చీటీలు రాసి అంటించాను. దీనికంటే పెద్ద పరికరం అక్కర్లేదు. మందు గ్లాసులో దుకాణం వడ్లు చచ్చి, వసంత వడ్లు వేరు దింపితే నా శాలువా ఖాయం.

శనివారం మూడో మొక్కు ముగించుకుని, చేతిలో పంచామృతం డబ్బాతో వచ్చి తలుపు తీశాను. కిటికీలో రెండే గ్లాసులు ఉన్నాయి. పచ్చగా మొలకెత్తి, పసుపు కుంకుమలతో, కనకాంబరాల మూరతో ముస్తాబై ఉన్నాయి. తక్కిన రెండూ తళతళా కడిగి బోర్లించి ఉన్నాయి.

గదులు ఊడ్చే చెల్లమ్మ చీపురు పట్టుకుని వెనకే వచ్చింది. "ముళైప్పారి పెట్టినారు కదా సామీ, అమ్మోరికి మొలకలు. ఆడోళ్ళు పెట్టేది చూసినా గాని మొగోళ్ళు పెట్టేది ఇప్పుడే చూసినా. పసుపు లేదని నేనే పెట్టినా."

"ఆ రెండూ ఏమయ్యాయి?"

"అవి ముక్కు బయటబెట్టి అట్లే చచ్చినాయి సామీ. అశుభం కదా, పారబోసి కడిగేసినా. చీటీలు మట్టుం దాచినా, మొక్కుచీటీలేమో అని."

కొంగుముడి విప్పి రెండు చీటీలు నా చేతిలో పెట్టింది. దుకాణం, మందు. వసంత, మందు. రెండూ ఒకలాగే చచ్చాయి. వసంత వడ్లకూ, బజారు వడ్లకూ పిసరంత తేడా లేదు. నా జీను ఆ లాడ్జీ తూములో కలిసిపోయింది.

చెల్లమ్మ చేత రెండుసార్లు సబ్బుతో చేతులు కడిగించాను. నాది మహా మడి మొక్కు అనుకుంది పాపం.

మంచం మీద కూలబడ్డాను. సన్మానం పోయినందుకు నిజంగానే బాధపడ్డాను, దాచను. ఆ తర్వాత వసంత గుర్తొచ్చింది, అప్పుడు భయం వేసింది. రేపు ఆ మందు పడితే ఎకరం మొత్తం పది రోజుల్లో గడ్డివాము అవుతుంది. ఆమె చేను ప్లాట్లవుతుంది. ఈ సంగతి నేను బుధవారమే అనుమానించి ఉండాలి.

మంచినీళ్ళ పంపు

మధ్యాహ్నానికి చేనులో ఉన్నాను. గ్లాసుల సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను, లేని మొక్కుతో సహా.

వసంత నా ముందుకొచ్చి నిలబడింది. "అమ్మోరిని టీ గ్లాసులో పెట్టి పరీక్ష చేసినావా? అదీ మురుగన్ పేరు చెప్పి?"

"చేశాను. నీ వరి బతకదు వసంతా."

"మరి నా నలభై కుదుళ్ళు ఎట్ల బతికినాయి? నేను కళ్ళతో చూసినా కదా!"

ఉత్తచేతుల్తో నిలబడి ఆలోచిస్తే ఒకటే తోచింది. మునిరత్నాన్ని పిలిచి, పంపు కడిగి మంచినీళ్ళు నింపుకుని, ఆనాడు ఎలా కొట్టాడో అలాగే ఒకసారి కొట్టి చూపించమన్నాను.

అతను పంపు వీపుకెత్తుకుని పడమటి గట్టు నుంచి మొదలుపెట్టాడు. ఎడం చేత్తో పిడి ఆడిస్తూ, కుడి చేత్తో గొట్టం అటూ ఇటూ తిప్పుతూ, వరస తర్వాత వరస చక్కగా వచ్చాడు. ఈశాన్యం మూలకు ఆరడుగుల దూరంలో ఆగాడు. చెప్పులు విడిచాడు. నీళ్ళు ఆపేశాడు. గొట్టం భుజానికి ఎత్తుకుని, తల కొంచెం వంచి, ఏడు ఇటుకల ముందు నుంచి మెల్లగా నడిచి అవతలికి వెళ్ళాడు. చెప్పులు వేసుకున్నాడు. మళ్ళీ నీళ్ళు వదిలాడు.

సరిగ్గా చాప పరిచినంత జాగా పొడిగా మిగిలింది.

వసంత వంగి అక్కడి ఆకులు తడిమి చూసింది. "మునిరత్నం, ఆ పొద్దు కూడా ఇట్లే చేసినావా?" అంది.

"ఇట్లే కదా వొదినా ఎప్పుడూ! కన్నెమ్మల మొగాన మందు కొడతారా ఎవురన్నా?"

"ఈ ముక్క ఇన్ని నెల్లుగా ఎందుకు చెప్పలా?"

"ఎవురూ అడగలా. అమ్మోరు కాపాడింది, అమ్మోరు కాపాడింది అని నువ్వే అంటా ఉంటే, అవును కదా అనుకున్నా."

అబద్ధమేమీ లేదు అందులో. నాకు నవ్వొచ్చింది. వసంత మాత్రం గట్టు మీద కూర్చుండిపోయింది. మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, కలుపు నిండిన చేను వైపు చూస్తూ అంది.

"ఊరంతా చెప్పుకున్నా బావా. మా ఆయనకు చెప్పినా, నా చేను నాతో మాట్లాడింది అని. రేపు వాళ్ళందరి మొగం ఎట్ల చూసేది? మందు కొడితే వరి పోతాది, కొట్టకపోతే గడ్డి తినేస్తాది."

ఆమె గొంతులో నా మీద కోపం లేదు. ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మాట మార్చడానికి అన్నట్టు పక్కన మునిరత్నం అరెకరం వైపు చూశాను. అక్కడ మూడు వారాల కిందట సరైన వరిమందే కొట్టాడు. చిన్నాచితకా కలుపంతా మాడిపోయింది. కానీ మధ్యమధ్యలో ఇక్కడొకటి, అక్కడొకటి, వరి కంటే రెండు జానల ఎత్తున ఊద దుబ్బులు నిగనిగలాడుతున్నాయి. ఒక మూల చాపంత కాదు. చెదురుమదురుగా, చచ్చినవాటి మధ్య ఒంటరిగా, చేనంతా. తిరువళ్ళూరు దుకాణదారు మాట అప్పుడు నా చెవుల్లో పడింది. నాలుగేళ్ళుగా అందరూ ఒకే మందు. వంకర సీటుతో పుట్టిన గడ్డి ఒక్కటి మిగిలి, విత్తనాలు రాల్చి, మళ్ళీ మిగిలి, ఊరు నిండింది. నేను వరిలో వెతికిన జీను గడ్డిలో కులాసాగా కూర్చుని ఉందేమో.

అదే వసంతకు చెప్పాను, తువ్వాలు కథతో సహా. రుజువు చెయ్యకుండా నమ్మవద్దని కూడా చెప్పాను.

ఆమె ఒక ఊద దుబ్బును పీకి, వేళ్ళు దులిపి చూసింది. "మరి దీనికి ఎవురు మొక్కినారు బావా?"

ఆదివారం

ఇరవై రెండు మంది వచ్చారు. టెంపోలో, బైకుల మీద, వసంతకు వరసకు అత్తగారొకావిడ ఆటోలో. ఏడు ఇటుకల ముందు పొంగలి పొంగింది. వసంత మొగుడు తెల్ల చొక్కా వేసుకుని, ప్లాట్లు అమ్మేవాడి నవ్వు నవ్వుతూ గట్టు మీద నిలబడ్డాడు. అందరూ మందు పంపు కోసం చూస్తున్నారు.

వసంత హారతి ఇచ్చి తిరిగింది. ఏమీ దాచలేదు. మునిరత్నం చెప్పుల దగ్గర్నుంచి నా టీ గ్లాసుల దాకా అంతా తనే చెప్పింది. ఎవరో నవ్వారు. ఆటోలో వచ్చిన అత్తగారు చెంపలు వాయించుకుంది. వసంత నవ్వులన్నీ ఆగేదాకా ఆగింది.

"అమ్మోరు బిడ్డల్ని కాపాడింది నిజమే. మునిరత్నం చేత్తో కాపాడింది. ఈ పొద్దు మీ చేతులు కావాలంట. చూసేదానికి వచ్చినోళ్ళు చూసినారు కదా, ఇంక చీరలెత్తి కట్టండి, దిగండి. పొంగలి కలుపు అయినాకే."

మొదట ఆ అత్తగారే దిగింది, కొంగు బిగించి, గొణుక్కుంటూ. తర్వాత పిన్నమ్మలు. తర్వాత వారమంతా ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసే కోడళ్ళు, చిన్నప్పటి పని మర్చిపోలేదని తామే ఆశ్చర్యపోతూ. మొగుడు ఇంకా గట్టు మీదే ఉన్నాడు.

"బస్సు నిండా తోలుకుపోతావు కదా దినమ్మూ, వాళ్ళ బదులు నువ్వొకడివి దిగు," అంది వసంత. ఆయన తెల్ల చొక్కా విప్పి గట్టు మీద పెట్టి దిగాడు.

నేను గొడుగు కింద నిలబడి ఊద జన్యుశాస్త్రం వివరించబోయాను. "బావా, నోటితో కాదు," అంది. దిగాను. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నా వరస సగం దాటలేదు, అత్తగారు నాలుగు వరసలు ముగించి నా వరసలోకి వచ్చింది. నేను వరి పీకి ఊదను వదిలేసిన చోట్లు మూడు చూపించి, విత్తన పరీక్ష ఎవరు నేర్పించారని అడిగింది. మూడు గంటలకు ఎకరం శుభ్రపడింది. ఆకలి మీద తిన్న ఆ పొంగలి రుచి నేను చెప్పలేను. ఏ సన్మానంలోనూ అంత మంది ఒక్కసారిగా నా వైపు చూసి నవ్వి ఉండరు, అంత సంతోషంగా నేనూ ఉండను.

వచ్చేముందు మునిరత్నం చేనులోంచి ఊద పిలకలు మట్టితో సహా సంచిలో పెట్టుకున్నాను, నంద్యాల తీసుకెళ్ళి పరీక్షిద్దామని. వసంత సంచి లాక్కుంది.

"ఈ పీడను మా అక్క ఊరికి తోలుకపోతావా? దార్లో రాలితే? గ్లాసులు ఇక్కడే పెడతా. ఈ తూరి దొంగతనంగా వొద్దు, నా కిటికీలోనే. ఏం చెయ్యాలో చెప్పు."

చెప్పాను. ఆమె ఎక్కడా రాసుకోలేదు.

రెండు వారాల తర్వాత ఫోన్ వచ్చింది. వరి బాగా పిలకలేసిందని, మొగుడు ప్లాట్ల మాట ఎత్తడం లేదని, పంట కోసేదాకా ఎత్తనివ్వనని చెప్పింది. తర్వాత గ్లాసుల సంగతి.

"వరిమందు కొట్టినా గడ్డి బతికే ఉండాది బావా. పచ్చగా. పక్కింటామె చూసి పసుపు పెడతానని వచ్చింది. నేను పెట్టనీలా. పీకి పొయ్యిలో వేసేసినా."

నాకు ప్రాణం ఉసూరుమంది. "అయ్యో వసంతా! ఎన్ని పెట్టావు, ఎన్ని బతికాయి, అదన్నా చూశావా?"

"చూడకుండా కాలుస్తానా? మునిరత్నం చేన్లోవి పన్నెండు పెడితే పదకొండు బతికినాయి. మందు ఎప్పుడూ కొట్టని వాగు గట్టు మీద నుంచి కూడా పన్నెండు తెచ్చి పెట్టినా, పోల్చుకునేదానికి. అవన్నీ చచ్చినాయి."

వాగు గట్టు సంగతి నేను ఆమెకు చెప్పనే లేదు. చెప్పడం మర్చిపోయాను.